చీకటి తీరంలో కాపలా కాసేవారు

సముద్రపు తాబేలు గుడ్లు పెట్టేటప్పుడు కన్నీళ్ళు కారుస్తుందన్న సంగతి మీరెప్పుడైనా విన్నారా? తీరప్రాంతపు గ్రామాలలో పెద్దలు దీనిని కథగా చెబుతారు. తాను కన్న బిడ్డలను మళ్ళీ ఎన్నడూ చూడలేనని ఆ తల్లి ఏడుస్తుందట. శాస్త్రజ్ఞులు దీనికి వేరే కారణం చెబుతారు. సముద్రంలో బ్రతికే ఈ ప్రాణి శరీరంలోనికి ఉప్పు ఎక్కువగా చేరుతుంది. కంటి వెనుకనున్న గ్రంథుల ద్వారా ఆ ఉప్పును చిక్కని నీరుగా బయటికి పంపుతుంది. నీళ్ళలో ఉన్నప్పుడు మనకు కనబడదు. ఒడ్డుకు వచ్చినప్పుడు చెంపల మీదుగా జారుతూ కనబడుతుంది. అయినా పెద్దల మాటలో ఒక సత్యమున్నది. గుడ్లమీద ఇసుక కప్పి ఆ తల్లి సముద్రంలోనికి వెళ్ళిపోతుంది. మళ్ళీ వెనుదిరిగి చూడదు. ఆ తరువాత ఆ గుడ్లకు తల్లీ లేదు, తండ్రీ లేడు.

అయితే మన ఆంధ్ర తీరంలో కొన్నిచోట్ల ఆ గుడ్ల కోసం మేలుకొని ఉండేవారు కొందరున్నారు. జనవరి నుండి ఏప్రిల్ వరకు, మనమందరం దుప్పటి కప్పుకొని నిద్రపోయే వేళ, వారు ఇసుకలో మైళ్ళకొద్దీ నడుస్తారు. వారిలో మత్స్యకారుల బిడ్డలున్నారు, కళాశాల విద్యార్థులున్నారు, ఉద్యోగస్థులున్నారు. వారి చేతిలో తుపాకి ఉండదు, లాఠీ ఉండదు. ఒక పుస్తకం, ఒక పెన్ను, ఒక కొలత టేపు ఉంటాయి. ఈ నెల మన కుటుంబాలకు వారి పని గురించి తెలియజేయాలని ఈ వ్యాసం.

హైదరాబాదులో ఉన్నవారికి సముద్రం దూరపు సంగతిగా తోచవచ్చు. తెలంగాణకు సముద్రతీరం లేదు. కాని బేగంపేట స్టేషనులో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు తెల్లవారేసరికి విశాఖపట్నంలో దిగుతారు. వేసవి సెలవులలో పిల్లలను సముద్రం చూపించడానికి తీసుకొని వెళ్ళేది అక్కడికే. ఆదివారం మధ్యాహ్నం మన ఇండ్లలో వండుకునే సముద్రపు రొయ్య కూడ ఆ నీళ్ళలోనుండి వచ్చినదే. గనుక ఆ తీరంలో జరిగే సంగతులలో మనకు పాలు లేదనుకోవడానికి వీలులేదు.

ఏమిటీ ప్రాణి?

ప్రపంచంలో సముద్రపు తాబేళ్ళు ఏడు జాతులు. వాటిలో ఐదు జాతులు భారతదేశపు సముద్రజలాలలో కనబడతాయి. ఆంధ్ర తీరానికి ఎక్కువగా వచ్చేది ఆలివ్ రిడ్లీ అనే జాతి. పైచిప్ప ఆలివ్ కాయ రంగులో ఉంటుంది గనుక ఆ పేరు. సముద్రపు తాబేళ్ళలో ఇది చిన్నది. అయినా పెరిగినది రెండు అడుగులకు పైగా పొడవు, సుమారు 35 నుండి 45 కిలోల బరువు ఉంటుంది. మన చెరువు తాబేలువలె తలను, కాళ్ళను చిప్పలోనికి ముడుచుకోలేదు. కాళ్ళకు బదులు తెడ్లవంటి రెక్కలుంటాయి. నీళ్ళలో ఎంతో వేగంగా ఈదుతుంది గాని నేలమీద మాత్రం రొప్పుతూ, ఆగుతూ, ఈడ్చుకుంటూ వస్తుంది. అప్పుడు చిన్నపిల్లవాడైనా దానిని పట్టుకోగలడు.

ఇది చేపవలె నీళ్ళలో ఊపిరి తీసుకోలేదు. మనవలె దానికి ఊపిరితిత్తులున్నాయి. కొంతసేపటికి ఒకసారి పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. ఈ ఒక్క సంగతిని గుర్తుపెట్టుకోండి. తరువాత చెప్పబోయే దుఃఖమంతా దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

ఆడ తాబేలు ఒక్క విడతలో సుమారు 100 నుండి 120 గుడ్లు పెడుతుంది. వెనుక రెక్కలతో మోచేయి లోతు గుంట తవ్వి, బంతులవంటి తెల్లని గుడ్లను అందులో జారవిడిచి, ఇసుకతో పూడ్చి, తన శరీరంతో అదిమి వెళ్ళిపోతుంది. సుమారు 45 నుండి 60 దినాలలో ఇసుక వేడికి అవి పొదగబడతాయి. ఇందులో ఒక వింత ఉన్నది. పుట్టేది మగదా ఆడదా అన్నది ఇసుక వేడిమిని బట్టి నిర్ణయమవుతుంది. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. ఎండలు ఏటేటా పెరుగుతున్న ఈ రోజులలో ఇది ఆలోచించవలసిన సంగతి.

పుట్టిన వెయ్యి పిల్లలలో ఒక్కటి మాత్రమే పెరిగి పెద్దదవుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. తల్లి కావడానికి పది పదిహేను సంవత్సరాలు పడుతుంది. కాబట్టి గుడ్లు పెట్టడానికి వచ్చిన ఒక్క తల్లి చనిపోతే నష్టం ఒక్క ప్రాణితో ఆగదు. వెయ్యింటిలో ఒక్కటిగా మిగిలినది పోయినట్లు, దాని వెనుక రావలసిన తరాలు కూడ పోయినట్లు.

ఒక రాత్రి పని

స్వచ్ఛంద సేవకుల పని ఎలా జరుగుతుందో చూద్దాము. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరు ముగ్గురు కలిసి బయలుదేరుతారు. తీరాన్ని ముక్కలుగా పంచుకుంటారు. ఒక్కొక్క జట్టుకు కొన్ని కిలోమీటర్లు. తెల్లని టార్చిలైటు వేయకూడదు. వెలుగు చూస్తే గుడ్లు పెట్టవచ్చిన తల్లి బెదరి సముద్రంలోనికి తిరిగి వెళ్ళిపోతుంది. వెన్నెల ఉంటే వెన్నెల, లేకపోతే ఎర్రకాగితం చుట్టిన చిన్న దీపం. అలల అంచున తడి ఇసుకమీద నడుస్తూ, ట్రాక్టరు చక్రం పోయినట్లుండే గుర్తుల కోసం చూస్తారు. సముద్రంలోనుండి పైకి ఒక జాడ, పైనుండి సముద్రంలోనికి ఒక జాడ. ఆ రెండు జాడలు కలిసేచోట గుడ్లు ఉండవచ్చును.

తల్లి అక్కడే ఉంటే దూరాన కూర్చుంటారు. మాట్లాడరు, ముట్టుకోరు. ఆమె పని ముగించుకొని వెళ్ళేవరకు వేచి ఉంటారు. ఆ తరువాత ఇసుక మెత్తగా ఉన్న తావును జాగ్రత్తగా వెదికి, చేతితో తవ్వి, గుంటను కనుగొంటారు. అక్కడే విడిచిపెట్టడం క్షేమమైతే అలాగే విడిచి గుర్తు వ్రాసుకుంటారు. చాలచోట్ల అది క్షేమం కాదు. ఊరకుక్కలు, నక్కలు, అడవిపందులు వాసన పట్టి తవ్వి తింటాయి. పోటు నీరు ఎక్కి గుడ్లు కుళ్ళిపోతాయి. కొన్నిచోట్ల మనుష్యులే ఎత్తుకొని పోతారు. అటువంటప్పుడు గుడ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, సంచిలోనో బుట్టలోనో పెట్టి, హేచరీకి చేరవేస్తారు.

ఇది కొన్ని గంటలలోనే జరగాలి. ఆలస్యమైతే గుడ్డు లోపలి పిండము పెంకుకు అంటుకుంటుంది. ఆపైన గుడ్డును కుదిపినా, తలక్రిందులు చేసినా పిండము చనిపోతుంది. అందుకే గ్రామంలో ఎవరికైనా ఉదయం గుడ్లు కనబడితే తామే తవ్వి తీయకుండ వెంటనే కబురు పంపాలని వీరు చెబుతారు. మంచి మనసుతో చేసిన పని కూడ తెలియక చేస్తే ప్రాణాలు తీస్తుంది.

హేచరీ అంటే పెద్ద భవనమేమీ కాదు. పోటు నీరు అందని ఎత్తులో, తీరపు ఇసుకలోనే, చుట్టూ వల కట్టిన చిన్న ఆవరణ. తల్లి తవ్వినట్లే కుండ ఆకారంలో, అంతే లోతుగా గుంటలు తవ్వి గుడ్లు పెడతారు. ప్రతి గుంట దగ్గర ఒక చీటీ. ఏ తేదీన, ఎక్కడ దొరికినవి, ఎన్ని గుడ్లు అని దానిమీద ఉంటుంది. నలభై దినాలు దాటాక గుంటమీద బుట్ట బోర్లిస్తారు. ఒకనాటి రాత్రి ఇసుక కొంచెం కుంగుతుంది. ఆ తరువాత అరచేతిలో పట్టే నల్లని పిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతూ బుడబుడమని పైకి వస్తాయి.

వాటిని ఎత్తి నీళ్ళలో వేయరు. అలలకు కొంతదూరంలో ఇసుకమీద విడిచిపెడతారు. అవి తమంతట తామే నడిచి సముద్రంలో చేరాలి. చీకటిలో సముద్రం పైనుండే ఆకాశం తేటగా కనబడుతుంది. పిల్లలు ఆ తేటదనం వైపు నడుస్తాయి. కాని ఒడ్డున హోటళ్ళ దీపాలు, వీధి దీపాలు వెలుగుతుంటే దానినే సముద్రమనుకొని ఊరివైపు నడిచి, రోడ్డుమీద బండ్ల క్రిందనో, కాకుల నోటనో పడతాయి. ఇంత చిన్న ప్రాణానికి మన వీధి దీపం మరణమార్గమవుతున్నది.

ఎవరు మొదలుపెట్టారు?

మన దేశంలో ఈ పని 1970 దశకంలో మద్రాసు తీరాన మొదలైనది. మద్రాసు పాముల పార్కు స్థాపకుడైన రోములస్ విటేకరు, సతీష్ భాస్కర్ మొదలైనవారు రాత్రులు ఇసుకలో నడచి గుడ్లు వెదికారు. 1988లో విద్యార్థులే తమ సంఘమొకటి పెట్టుకొని ఆ నడకను కొనసాగించారు. ఒక తరం వెళ్ళిపోతే మరొక తరం పుస్తకం అందుకుంటూ ఆ పని నేటికీ సాగుచున్నది.

ఈ సతీష్ భాస్కర్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన దేశపు తీరాన్ని వేల కిలోమీటర్లు కాలినడకన తిరిగి తాబేళ్ళ స్థావరాలను నమోదు చేశాడు. 1982లో వానకాలమంతా పడవలు రాని లక్షద్వీపాలలోని ఒక నిర్జన ద్వీపంలో ఒంటరిగా ఉన్నాడు. ఇంటికి ఉత్తరం పంపే దారి లేక, భార్యకు వ్రాసిన ఉత్తరాన్ని సీసాలో పెట్టి సముద్రంలో వేశాడు. అది శ్రీలంక తీరాన ఒక జాలరికి దొరికింది. ఆ జాలరి దానిని భద్రంగా ఆమెకు పంపించాడు. సతీష్ భాస్కర్ 2023లో కన్నుమూశారు. ఆనాడు ఆయన కాలినడకన సేకరించిన వివరాలే తరువాత వచ్చినవారికి పునాది అయినవి.

మన ఆంధ్ర తీరంలో 1980 దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎస్. రాజశేఖర్ ఉత్తర కోస్తాలో ఈ తాబేళ్ళను పరిశోధించారు. 2000-2001లో బాసుదేవ్ త్రిపాఠి, మరికొందరు శాస్త్రజ్ఞులు రాష్ట్ర తీరాన్ని సర్వే చేసి గుడ్లు పెట్టే తావులను, చనిపోయి కొట్టుకువచ్చిన తాబేళ్ళను లెక్కించారు. విశాఖపట్నంలో ప్రదీప్ కుమార్ నాథ్ స్థాపించిన విశాఖ జంతు సంరక్షణ సంఘం వారు నగర తీరంలోనే గుడ్లను కాపాడే పని చేపట్టారు. చెన్నైలో 2002లో సుప్రజా ధారిణి స్థాపించిన ట్రీ ఫౌండేషన్ అనే సంస్థ తమిళనాడుతోపాటు మన తీరంలోని మత్స్యకార గ్రామాల యువకులకు కూడ తర్ఫీదు ఇచ్చి రక్షణ దళాలుగా ఏర్పరచింది. అటవీశాఖ వారు విశాఖ జోడుగుళ్ళపాలెం, బాపట్ల సూర్యలంక, కృష్ణానది ముఖద్వారాల దగ్గర, ఇంకా అనేక తావులలో హేచరీలు నడుపుతూ వచ్చారు.

ఇందులో గమనించదగిన సంగతి ఏమనగా, ఈ పనికి బయటనుండి వచ్చే పండితులు చాలరు. శ్రీకాకుళం నుండి నెల్లూరు, తిరుపతి జిల్లాల వరకు ఆంధ్ర తీరం సుమారు వెయ్యి కిలోమీటర్లు. ప్రతి రాత్రి నడవగలిగినవారు ఆ ఇసుకలో పుట్టి పెరిగినవారే. ఏ రాత్రి గాలి ఎటు వీస్తే తాబేళ్ళు ఒడ్డుకు వస్తాయో వారికి ఒకరు నేర్పనక్కరలేదు. కూర్మనాథుని క్షేత్రమైన శ్రీకూర్మం శ్రీకాకుళం తీరానికి దగ్గరనే ఉన్నది. తాబేలును దైవస్వరూపమని ఎంచే మత్స్యకారులు అనేకులు, వలలో పడితే నమస్కరించి విడిచిపెడతారు. అటువంటి గ్రామాలలో ఈ పనికి మనసు ఒప్పించడం కష్టం కాదు. యౌవనస్థులకు ఆ నాలుగు నెలలకు కొద్దిపాటి భృతి ఇస్తారు. ఆ సొమ్ముతో ఎవరి సంసారమూ గడవదు. పగలు వేటకు వెళ్ళి, రాత్రి కాపలా కాసేవారు కూడ ఉంటారు.

మన ఎల్ల దాటి ఒడిశాలో గంజాం తీరానికి వెళ్తే అక్కడి మత్స్యకారులలో చాలమంది తెలుగు మాట్లాడేవారే. ఆ జిల్లాలోని రుషికుల్య నదీముఖంలో వేలు, లక్షల తాబేళ్ళు కొన్ని రాత్రులలోనే ఒక్కసారిగా ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఆ స్థావరం 1994లో గాని శాస్త్రలోకానికి తెలియలేదు. అక్కడి గ్రామాల యువకులే సంఘంగా ఏర్పడి, తమ తీరాన్ని తామే కాపాడుకుంటూ వచ్చారు. 2025 ఫిబ్రవరిలో అక్కడ ఆరు లక్షలకు పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. ఆ గుంపులు వచ్చే సముద్రమార్గంలో మన ఆంధ్ర తీరం కూడ ఉన్నది.

పుస్తకంలో రెండవ పేజీ

ఇంతవరకు చెప్పినది వినడానికి ఆనందకరమైన భాగం. పాలబుగ్గల పిల్లలు తాబేలు పిల్లలను సముద్రంలోనికి సాగనంపే ఫోటోలు పత్రికలలో వస్తాయి. కాని కాపలా కాసేవారి పుస్తకంలో మరొక పేజీ ఉన్నది. దాని ఫోటోలు ఎవరూ వేసుకోరు.

తెల్లవారుజామున తిరిగి వచ్చేటప్పుడు వారికి చనిపోయిన తాబేళ్ళు ఎదురవుతాయి. ఉబ్బిన శరీరాలు, వాసన, చుట్టూ కుక్కలు, కాకులు. దగ్గరికి వెళ్ళి చిప్ప పొడవు, వెడల్పు కొలుస్తారు. తోక చూసి ఆడదో మగదో వ్రాస్తారు. మగదానికి తోక పొడవుగా బయటికి ఉంటుంది. గాయాలున్నవేమో, వల తాళ్ళు చుట్టుకొని ఉన్నవేమో చూస్తారు. ఒకే కళేబరాన్ని మరునాడు మళ్ళీ లెక్కించకుండ చిప్పమీద రంగు పూస్తారు. ఆ తరువాత ఇసుకలో పాతిపెడతారు. ఈ పనికి చప్పట్లు కొట్టేవారు ఉండరు. అయినా ఆ లెక్క లేకపోతే ఏమి జరుగుతున్నదో లోకానికి తెలిసే దారి లేదు.

2025 జనవరిలో చెన్నై చుట్టుప్రక్కల తీరంలో కొద్ది వారాలలోనే వెయ్యికి పైగా తాబేళ్ళు చనిపోయి కొట్టుకువచ్చాయి. ఆ దినాలలోనే కాకినాడ తీరంలో కూడ కళేబరాలు కనబడగా, రాష్ట్ర ఉపముఖ్యమంత్రి, అటవీశాఖ మంత్రి పవన్ కల్యాణ్ విచారణకు ఆదేశించారు. అధికారులు కదిలారంటే, న్యాయస్థానాలు ప్రశ్నించాయంటే, దానికి ఆధారం ఇసుకలో నడిచినవారు వ్రాసుకున్న అంకెలే. 'తాబేళ్ళు ఎక్కడో కొన్ని చస్తున్నాయి' అన్నమాటను ఎవరైనా త్రోసివేయవచ్చు. 'ఫలానా తేదీన, ఫలానా రెండు కిలోమీటర్లలో, ఇన్ని' అన్న మాటను త్రోసివేయడం కష్టం.

ఎందుకు చనిపోతున్నాయి?

ముఖ్య కారణం ట్రాల్ వల. పెద్ద మరపడవలు గోనెసంచి ఆకారపు వలను సముద్రపు అడుగున గంటల తరబడి ఈడ్చుకుంటూ పోతాయి. రొయ్యల కోసం వేసిన వలలో తాబేలు కూడ పడుతుంది. పైకి వచ్చి గాలి పీల్చుకోవడానికి దారి ఉండదు. దానికి ఊపిరితిత్తులున్నవని ముందు చెప్పుకున్నాము. వల పైకి లాగేసరికి ఊపిరాడక చనిపోయి ఉంటుంది. పడవవారు దానిని నీళ్ళలో పారవేస్తారు. నాలుగు దినాలకు ఒడ్డుకు చేరుతుంది.

ఇక్కడ మనము తొందరపడి ఎవరిమీదనైనా నింద వేయకూడదు. ఏ మత్స్యకారుడూ తాబేలును చంపాలని సముద్రంలోనికి వెళ్ళడు. డీజిలు ధర, ఐసు ధర, పడవమీద అప్పు, ఇంటిలో పిల్లల ఫీజులు అతని తలమీద ఉన్నాయి. వలలో పడిన తాబేలు వలను చింపివేస్తుంది. అది అతనికీ నష్టమే. కాబట్టి తాబేలు పక్షమా, మత్స్యకారుని పక్షమా అని రెండుగా చీల్చడం సరికాదు. ఇద్దరూ బ్రతికే ఉపాయం చూడాలి.

అటువంటి ఉపాయాలు లేకపోలేదు. వల గొంతులో ఇనుప చువ్వల చట్రం ఒకటి ఏటవాలుగా అమర్చి, దాని పైన ఒక తలుపువంటి ద్వారం పెడతారు. రొయ్యలు చువ్వల సందులలోనుండి వల చివరకు వెళ్ళిపోతాయి. తాబేలు చట్రానికి తగిలి ఆ ద్వారం గుండా బయటపడుతుంది. మన కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన పడవలకు తగినట్లుగా దీనిని రూపొందించింది. ద్వారం గుండా కొంత చేప కూడ పోతుందని పడవవారు సంకోచిస్తారు. ఆ సంకోచంలో అర్థమున్నది. కాని దీనిని వాడని దానివల్ల వచ్చిన నష్టం ఇంకా పెద్దది. తాబేళ్ళకు రక్షణ లేదన్న కారణంతో అమెరికా 2019లో భారతదేశపు సముద్రంలో పట్టిన రొయ్యల దిగుమతిని నిలిపివేసింది. అటు తాబేలు చనిపోయింది, ఇటు మత్స్యకారునికి గిట్టుబాటు ధరా పోయింది.

రెండవది, చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో, అనగా పెద్దపులితో సమానమైన స్థానంలో ఉన్నది. దానిని చంపడం, మాంసము గాని గుడ్లు గాని అమ్మడం జైలుశిక్షకు తగిన నేరం. 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం ప్రకారం తీరానికి దగ్గరి నీళ్ళు చిన్న నావలవారికి, తెప్పలవారికి కేటాయించబడ్డాయి. పెద్ద మరపడవలు ఆ హద్దు లోపలికి రాకూడదు. గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళు గుమిగూడేది కూడ ఆ దగ్గరి నీళ్ళలోనే. అందుచేత ఆ హద్దును పాటిస్తే చిన్న మత్స్యకారుని కూడూ నిలుస్తుంది, తాబేలు ప్రాణమూ నిలుస్తుంది. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు మరపడవల వేట నిషేధం కూడ ఉన్నది. అయితే అది మొదలయ్యేసరికి తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం దాదాపు ముగుస్తుంది. అందుకే జనవరి నుండి మార్చి వరకు నడిచేవారి పుస్తకం అంత విలువైనది.

మూడవది, ఇసుక తరిగిపోవడం. ఉప్పాడవంటి చోట్ల సముద్రం ఊరినే తినివేస్తున్నది. అడ్డంగా రాళ్ళు పోస్తే తాబేలు ఎక్కడానికి తావుండదు. గాలివానలకు అడ్డుగా నాటిన సరుగుడు తోటలు మనుష్యులకు మేలు చేస్తాయి. కాని అలల అంచువరకు నాటినచోట గుడ్లకు ఇసుక మిగలదు. కొంచెం వెనుకకు జరిపి నాటితే ఇద్దరికీ చోటున్నది.

ఇతర దేశాలలో

మన నీళ్ళలో సీల్ అనే ప్రాణి లేదు. అది ఎక్కువగా చల్లని సముద్రాలలో ఉంటుంది. ముఖం కుక్కపిల్లను పోలి, శరీరం చేపవలె ఉంటుంది. అదికూడ మనవలె ఊపిరి పీల్చేదే, ఒడ్డుమీదనే పిల్లలను కనేదే. ఇంగ్లండులో లింకన్‌షైర్ తీరాన డోనా నూక్ అనేచోట నవంబరు, డిసెంబరు నెలలలో బూడిదరంగు సీళ్ళు ఇసుకమీద పిల్లలను కంటాయి. చూడడానికి జనం గుంపులుగా వస్తారు. మనిషి దగ్గరికి వెళ్తే తల్లి బెదరి బిడ్డను విడిచి వెళ్ళే ప్రమాదమున్నది. అక్కడ స్వచ్ఛంద సేవకులు చలిలో నిలబడి జనాన్ని కంచె ఇవతలనే ఉంచుతారు. పుట్టిన పిల్లల లెక్క వారం వారం తీస్తారు. హవాయి దీవులలో మాంక్ సీల్ అనే అరుదైన జాతి ఒడ్డున పడుకొని ఉంటే, స్థానికులే చుట్టూ తాడు కట్టి, బోర్డు పెట్టి, కాపలా ఉంటారు.

అక్కడ చలి, ఇక్కడ ఉక్క. అక్కడ సీల్, ఇక్కడ తాబేలు. పని మాత్రం ఒక్కటే. దూరంగా నిలబడడం, ఓపికగా చూడడం, చూసినది ఉన్నదున్నట్లు వ్రాయడం.

వ్రాసిన లెక్క ఎంతదూరం ఉపయోగపడుతుందో చూడండి. 2021లో ఒడిశా తీరంలో ఒక తల్లి తాబేలు రెక్కకు 03233 అనే సంఖ్యగల చిన్న లోహపు బిళ్ళ తగిలించారు. 2025 జనవరిలో అదే తాబేలు మహారాష్ట్రలోని గుహాగర్ తీరాన గుడ్లు పెడుతూ కనబడింది. తూర్పు సముద్రం నుండి దేశాన్ని చుట్టి పడమటి సముద్రానికి, సుమారు 3,500 కిలోమీటర్ల ప్రయాణం. ఆ రాత్రి గుహాగర్ ఇసుకలో నడిచినవాడు నిద్రపోయి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఇన్నాళ్ళు తూర్పు తాబేళ్ళు వేరు, పడమటి తాబేళ్ళు వేరు అనుకున్నవారు మళ్ళీ ఆలోచించవలసి వచ్చింది.

మన కుటుంబాలు ఏమి చేయగలవు?

తీరగ్రామాలలో ఉన్న పాఠకులారా, గుడ్లు గాని, తల్లి తాబేలు గాని కనబడితే ముట్టుకోకండి. కుక్కలను దూరంగా ఉంచి అటవీశాఖ వారికో, మీ గ్రామంలోని కాపలా యువకులకో కబురు చేయండి. గుడ్లు తింటే బలమని చెప్పేవారుంటే, కోడిగుడ్డులో లేని బలం అందులో ఏమీ లేదని నెమ్మదిగా చెప్పండి. సముద్రానికి ఎదురుగా ఉన్న దీపాలను ఆ నాలుగు నెలలు ఆర్పండి, లేదా క్రిందికి వంచండి. చిరిగిన వలలను నీళ్ళలో పారవేయకండి. అవి మనిషి లేకపోయినా వేట మానవు.

పట్టణాలలో ఉన్నవారు సెలవులకు సముద్రం దగ్గరికి వెళ్ళినప్పుడు, పిల్లలకు అలలతోపాటు ఇసుకను కూడ చూపించండి. ఈ ఇసుకలో ప్రాణాలు నిద్రపోతున్నాయని చెప్పండి. ప్లాస్టిక్ సంచులను అక్కడ విడిచిరాకండి. నీళ్ళలో తేలే సంచి తాబేలు కంటికి తాను తినే జెల్లీచేపవలె కనబడుతుంది. తాబేలు పిల్లలను విడిచే కార్యక్రమం ఉంటే దూరాన నిలబడి చూడండి. ఫోటో కోసం చేతిలోనికి తీసుకోకండి, ఫ్లాష్ వేయకండి. కళాశాలలో చదివే మీ కుమారుడో కుమార్తెయో ఒక వారం అక్కడ నడవడానికి వెళ్తానంటే అడ్డుచెప్పకండి. పుస్తకాలు నేర్పని ఓపిక ఆ చీకటి నేర్పుతుంది.

రాత్రంతా నడిచినా కొన్నిసార్లు ఒక్క గుడ్ల గుంట కూడ దొరకదు. అప్పుడు కూడ వారు పుస్తకం తెరచి, తేదీ వేసి, 'సున్న' అని వ్రాస్తారు. నిన్న ఎన్ని, నేడు ఎన్ని అని తెలియాలంటే ఆ సున్న కూడ కావాలి. ఫలితం కనబడని రాత్రి కూడ నమ్మకంగా నడిచి, ఆ సున్నను నిజాయితీగా వ్రాసి, మరునాటి రాత్రి మళ్ళీ బయలుదేరే యౌవనస్థులు మన తీరంలో ఉన్నందుకు సంతోషించాలి. వారు కనబడితే పలకరించి, ఒక కప్పు వేడి టీ ఇవ్వండి. తెల్లవారుజామున ఆ ఇసుకలో దానికంటే మంచి బహుమానం లేదు.